యార్డులో ఆగిన చెరకు: ఒక చక్కెర మిల్లు కేస్ స్టడీ

ఈ కేసు కోస్తాలోని ఒక చక్కెర మిల్లుది, అక్కడ లైనులో గంటల తరబడి ఆగిపోయే చెరకు బండ్లది. అంతకు మించి ఆనవాళ్లు చెప్పను. మిల్లు పేరు, ఊరు, అది ఏ సీజన్ అన్నవి తీసేశాను. బండ్ల సంఖ్యలన్నిటినీ ఒకే నిష్పత్తిలో మార్చి గుండ్రం చేశాను. అన్నీ ఒకే నిష్పత్తిలో మారాయి కాబట్టి బండి ఎన్ని గంటలు ఆగిందన్న లెక్క మాత్రం మారదు.

ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్‌గా చాలా ఫ్యాక్టరీల గడప తొక్కాను. వాటిలో దీన్నే ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదటి సీజన్లో నేను చేసిన మార్పు కాగితం మీద బాగుంది, కొలతల్లోనూ బాగుంది, రైతుకు మాత్రం నష్టం చేసింది. ఆ నష్టం నా కొలతల్లో కనపడలేదు. ఒక పెద్దాయన బండెక్కించుకుని తీసుకెళ్లి చూపిస్తే కనపడింది.

నా నేపథ్యం

కేసు రాసేవాడు తన గురించి కొంత చెప్పుకోవాలని నా నమ్మకం. ఏ నిర్ణయం వెనక ఏ అలవాటు ఉందో చదివేవాళ్లకు తెలియాలి.

మాది చెరకు పండించే ఇల్లు. నా చిన్నప్పుడు నాన్న ఎడ్ల బండి కట్టుకుని, అన్నం మూట, లాంతరు పట్టుకుని ఫ్యాక్టరీకి వెళ్తే మర్నాడు పొద్దున్నో, ఆ పై రోజో వచ్చేవారు. ఎడ్లకు మేత కూడా బండి కిందే కట్టుకుని వెళ్లేవారు. అంతసేపు ఎందుకు పడుతుందని ఇంట్లో ఎవరూ అడిగేవారు కాదు. ఫ్యాక్టరీ అంటే అంతే.

మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఒక మెషిన్ షాపులో నాలుగేళ్లు షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేశాను. అక్కడ ఒక సంగతి నన్ను పట్టుకుంది. ఒక పార్టు మీద అన్ని మెషిన్లూ కలిపి చేసే పని మూడు గంటలు. ఆ పార్టు షాపులోకి వచ్చి బయటికి వెళ్లడానికి మూడు వారాలు. మిగతా టైమంతా ఏదో ఒక మెషిన్ పక్కన ట్రేలో కూర్చునేది. మెషిన్లను ఇంకా వేగంగా నడపమని పై నుంచి ఒత్తిడి, ట్రేలో కూర్చున్న టైము గురించి ఎవరూ మాట్లాడరు. ఆ మూడు వారాలు ఎక్కడికి పోతున్నాయో తెలుసుకోవాలనే ఉద్యోగం వదిలి ఎం.టెక్.లో చేరాను. తర్వాత పీహెచ్‌డీ క్యూల మీద చేశాను.

క్యూల గణితానికి మొదలు 1909లో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్. ఎక్స్ఛేంజీకి ఎన్ని లైన్లు ఉండాలన్నది ఆయన ప్రశ్న. 1961లో రెండు ముఖ్యమైన ఫలితాలు వచ్చాయి. ఒకటి జాన్ లిటిల్ నిరూపించిన సూత్రం: లోపల సగటున ఎన్ని ఉన్నాయో, గంటకు ఎన్ని వస్తున్నాయో తెలిస్తే ఒక్కొక్కటి సగటున ఎంతసేపు ఆగుతుందో భాగహారం చేసి చెప్పవచ్చు. రెండోది కింగ్‌మన్‌ది: యంత్రం దాదాపు ఖాళీ లేకుండా నడుస్తున్నప్పుడు రాకల్లో చిన్న ఒడిదుడుకు కూడా క్యూను విపరీతంగా పెంచేస్తుంది. ఈ రెండూ ఈ కేసులో పనికొచ్చాయి.

నా రీసెర్చ్ ఆసక్తి అప్పట్లో షెడ్యూలింగ్. ఏ పని ఏ గంటకు ఏ మెషిన్ మీదికి వెళ్తే మొత్తం టైము తగ్గుతుందో కంప్యూటర్‌తో కట్టడం. మంచి షెడ్యూల్ ఇస్తే మిగతావన్నీ దానంతట అవే సర్దుకుంటాయని గట్టిగా నమ్మేవాణ్ణి. మొదటి సీజన్లో దెబ్బ తిన్నది ఆ నమ్మకమే.

సమస్య ఎలా నా దగ్గరికి వచ్చింది

సంక్రాంతి దాటిన వారంలో రైతులు మిల్లు గేటు ముందు బైఠాయించారు. లోడు బండ్లు రోడ్డు మీద కిలోమీటరు పైగా ఆగి, ఊరి బస్సు కూడా కదల్లేదు. చెరకు ఎండిపోతోంది, బరువు పోతోంది, ట్రాక్టరు కిరాయి పెరుగుతోంది అన్నది వాళ్ల గోడు. మేనేజ్‌మెంట్ ఒక నివేదిక కావాలని మా విభాగాన్ని పిలిచింది.

ఎండిన చెరకు సంగతి ఇక్కడ చెప్పాలి. నరికిన క్షణం నుంచీ చెరకులో రెండు నష్టాలు మొదలవుతాయి. నీరు ఆవిరై బరువు తగ్గుతుంది. లోపల సుక్రోజ్, అంటే పంచదార, విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది, అవి పలుకు కట్టవు. కోసిన చివర నుంచి బ్యాక్టీరియా లోపలికి చేరి డెక్స్‌ట్రాన్ అనే జిగురు తయారు చేస్తే రసం చిక్కబడి మిల్లులో వడకట్టడం, పలుకు కట్టించడం రెండూ కష్టమవుతాయి. అందుకే నరికిన 24 గంటల్లోపు గానుగ ఆడించాలని చెబుతారు. బరువు నష్టం రైతుది. పంచదార నష్టం మొదట మిల్లుది, తర్వాత అందరిదీ, ఎందుకంటే రైతుకు ఇవ్వాల్సిన కనీస ధరగా కేంద్రం ప్రకటించే ఎఫ్ఆర్‌పీ, రికవరీ శాతంతో, అంటే చెరకులో ఎంత శాతం పంచదారగా తేలిందన్న దానితో ముడిపడి ఉంటుంది.

ఎంతసేపు ఆగుతున్నారన్న దగ్గరే రెండు పక్షాలకూ పొంతన కుదరలేదు. "సగటున ఐదు గంటలు, రిజిస్టర్ చూడండి" అన్నారు మిల్లువాళ్లు. "పొద్దుగూకేలోపు వస్తే మర్నాడు మధ్యాహ్నానికి బయటపడితే గొప్ప" అన్నారు డ్రైవర్లు. ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అందరూ అనుకున్నారు. అంతకు ముందు ఏడాది మిల్లు రెండో అన్‌లోడింగ్ క్రేన్ కూడా కొంది. లైను ఒక్క బండి కూడా తగ్గలేదు. తగ్గదు కూడా. క్రేన్ ఎంత వేగంగా దించినా చెరకు పిండే రోలర్లు గంటకు 100 టన్నులే తీసుకుంటాయి. దించింది ఫీడర్ టేబుల్ మీద ఆగుతుంది, అంతే తేడా.

లెక్కపెట్టడం

స్టాప్‌వాచీ పట్టుకుని ఒక్కో బండి వెంట తిరగాలనుకోలేదు. లిటిల్ సూత్రం ఉండగా ఆ అవసరం లేదు. ఇద్దరు విద్యార్థులు, నేను మూడు రోజులపాటు ప్రతి రెండు గంటలకూ యార్డులో, రోడ్డు మీద ఉన్న లోడు బండ్లన్నీ లెక్కపెట్టాం. రాత్రి 1 గంటకు, 3 గంటలకు కూడా. టార్చి వేసుకుని నడుస్తుంటే ట్రక్కు కింద గోనెపట్టా మీద పడుకున్న డ్రైవరు కాళ్లు తగిలేవి. "ఎవరండీ" అని లేచి, పిలిచారేమో అనుకుని ఇంజను స్టార్ట్ చేసినవాళ్లూ ఉన్నారు.

మిల్లు రోజుకు 2,400 టన్నులు ఆడుతోంది. బండికి సగటున 8 టన్నులు. అంటే రోజుకు 300 బండ్లు, గంటకు 12.5. మా లెక్కలో లోపల, బయట కలిపి సగటున 190 బండ్లు. భాగిస్తే 15 గంటల చిల్లర. డ్రైవర్లు చెప్పింది నిజం.

మరి రిజిస్టరులో ఐదు గంటలు ఎక్కడిది? టోకెన్ ఇచ్చేది యార్డు బయటి గేటు దగ్గర కాదు, క్రేన్ లైన్లలోకి వెళ్లే లోపలి గేటు దగ్గర. ఆ లైన్లలో పట్టేవి 60 బండ్లు. 60ని 12.5తో భాగిస్తే 4.8 గంటలు. మిల్లువాళ్లు చెప్పిందీ నిజమే. ఎవరి గడియారం ఎక్కడ మొదలైందన్నదే తేడా. ఈ ముక్క మీటింగులో బోర్డు మీద గీసి చూపించాక గదిలో వేడి తగ్గింది. ఒకరినొకరు దొంగలనుకోవడం ఆగింది. ఆ రోజు జరిగిన అసలు పని అదేనని నా అభిప్రాయం.

రెండో సంగతి గ్రాఫులో కనపడింది. మధ్యాహ్నం 3 గంటలకు అతి తక్కువ, 78 బండ్లు. రాత్రి 9కి అతి ఎక్కువ, 300 దాకా. యార్డులో పట్టేవి 200, మిగతావి రోడ్డు మీద. బండ్లన్నీ 3 నుంచి 9 లోపు ఆరు గంటల్లోనే వస్తున్నాయి, మిల్లు మాత్రం 24 గంటలూ ఆడుతోంది. రోజంతటి చెరకు ఆరు గంటల్లో వస్తే, మిగతా ఏ లోపం లేకపోయినా సగటున 112 బండ్లు ఆగి తీరాలి. అది లెక్క. మనకున్నవి 190. మిగిలిన 78 బండ్లు ఎందుకున్నాయి?

ఆ 78 ఏ పూటా సున్నాకు రావడం లేదు. అంటే అవి రాకల తీరు వల్ల వచ్చినవి కావు. ఎప్పుడో ఒకసారి పేరుకుని అలాగే ఉండిపోయిన నిల్వ. ఇక్కడ రెండు జబ్బులున్నాయి, ఒకటి కాదు. ఈ మాట నా నోట్‌బుక్‌లో ఆ రోజే రాసుకున్నాను. రాసుకుని కూడా మొదటి జబ్బు వెంటే పడ్డాను, ఎందుకంటే దానికి షెడ్యూల్ కట్టవచ్చు.

మొదటి ప్రయత్నం: టైము స్లాట్లు

చెరకు నరకమని మిల్లు రైతుకిచ్చే కటింగ్ ఆర్డర్ల మీద తేదీ ఉంటుంది, గంట ఉండదు. గంట కూడా ఇద్దామన్నాను. రోజును నాలుగేసి గంటల చొప్పున ఆరు స్లాట్లు చేసి, స్లాటుకు 50 బండ్లు. ఊరి దూరం, తోట వయసు, కొత్తగా నాటిన మొక్క తోటా, కోసిన మోళ్ల నుంచి మళ్లీ పెరిగిన కార్శి తోటా, ట్రాక్టర్ల సంఖ్య, అన్నీ పెట్టి మోడల్ కట్టాం. ముందు రోజు రాత్రి రైతు ఫోనుకు ఎస్ఎంఎస్. స్లాటు తప్పితే లైను చివరికి.

చివరి నిబంధన మీద, మిల్లుకు చెరకు తెప్పించే బాధ్యత చూసే కేన్ మేనేజర్ అభ్యంతరం చెప్పారు. 22 ఏళ్లుగా ఆ సీట్లో ఉన్న మనిషి. "సార్, బండి టైముకు రావడం రైతు చేతిలో ఉండదండీ" అన్నారు. శిక్ష లేకపోతే స్లాటుకు విలువ ఉండదని నేను వాదించాను. ఆయన మరి మాట్లాడలేదు.

తొమ్మిది రోజుల్లో యార్డు సగటు 190 నుంచి 70కి వచ్చింది. రోడ్డు ఖాళీ అయింది. మేనేజ్‌మెంట్ సంతోషించింది, నేనూ సంతోషించాను. పేపరు రాయడానికి గ్రాఫులు కూడా గీయించాను.

పన్నెండో రోజు మధ్యాహ్నం ఒక పెద్దాయన ఆఫీసు వరండాలో నా కోసం కూర్చున్నారు. "మాస్టారూ, మీ లైను తగ్గింది. మా లైను కూడా చూద్దురుగాని రండి" అన్నారు. ఆయన మనవడి మోటారు సైకిల్ మీద ఐదు కిలోమీటర్లు వెళ్లాం. కాలవ గట్టు మీద రావిచెట్టు కింద లోడు వేసిన ట్రక్కులు వరుసగా నిలబడి ఉన్నాయి. పదకొండు. డ్రైవర్లు నీడన పేకాడుతున్నారు. వాళ్ల స్లాటు తెల్లవారుజామున 2 నుంచి 6. చెరకు నరికింది ముందు రోజు పొద్దున. పెద్దాయన ఒక గడ లాగి, మోకాలికి ఆనించి విరిచి, కోసిన చివర నా ముక్కు దగ్గర పెట్టారు. అంచు ఎర్రబారింది. పులిసిన కల్లు వాసన.

"నీళ్లు పెట్టి, గడ్డి తీసి, పది నెలలు పెంచిందాన్ని ఇలా చూడలేనండి" అన్నారాయన. నాకు మా నాన్న బండి గుర్తొచ్చింది.

అది ఎందుకలా జరిగిందో తర్వాత రెండు రోజులు పొలాల్లో తిరిగితే తెలిసింది. నరికే ముఠా టన్నుకింత అని పనిచేస్తుంది. ఎండ ముదరకముందే పని కావాలని తెల్లారేసరికి తోటలో దిగుతుంది. ముఠా ఈ రోజు ఈ తోటకు వచ్చిందంటే రేపు వేరే ఊరు. ట్రాక్టరు అద్దెది, దొరికినప్పుడే లోడు వేయాలి. వీటిలో ఏదీ రైతు చేతిలో లేదు. చేతిలో ఉన్నది ఒక్కటే, ముందే నరికి పెట్టుకోవడం. స్లాటు తప్పితే లైను చివరికి పంపిస్తానని నేను భయపెట్టాను కాబట్టి ప్రతి రైతూ ఒక పూట ముందే నరికించి పెట్టుకున్నాడు. యార్డులో అందరికీ కలిపి ఉన్న నిల్వను ముక్కలు చేసి రైతుకొకటి చొప్పున పొలాల్లోకి పంపించాను. ఒకే చోట ఉన్న నిల్వ కంటే విడివిడిగా ఎవరికి వారు పెట్టుకునే నిల్వల మొత్తం ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఇది నేను క్లాసులో ఏటా చెప్పే పాఠం.

ఎంత నష్టమైందో కచ్చితంగా చెప్పలేకపోవడం ఇంకో తప్పు. నరికిన దగ్గర నుంచి ఆడించేదాకా పట్టే టైము నేను మొదట కొలవలేదు. యార్డు గంటలే కొలిచాను. అదృష్టవశాత్తూ రెండు ఊళ్ల ఫీల్డ్‌మ్యాన్లు, అంటే ఊళ్లలో తోటలు చూసుకునే మిల్లు మనుషులు, ఏ తోట ఏ పూట నరికారో డైరీలో రాసుకునే అలవాటున్నవాళ్లు. వాటితో పోల్చితే ఆ ఊళ్లలో చెరకు మిల్లులో పడే టైము సగటున ఐదు గంటలు పెరిగింది. యార్డులో తగ్గించిన తొమ్మిది గంటలకు బదులు పొలంలో పద్నాలుగు గంటలు పెట్టానన్నమాట.

స్లాట్లను సరిదిద్దాలా, ఆపాలా అని రెండు రోజులు ఆలోచించాను. శిక్ష తీసేస్తే అందరూ మళ్లీ సాయంత్రమే వస్తారు. స్లాటు ఎనిమిది గంటలు చేస్తే పాత పద్ధతికి పెద్ద తేడా ఉండదు. సమస్య స్లాటు నిడివిలో లేదు. బండి ఎప్పుడొస్తుందో నిర్ణయించే శక్తి లేనివాడి మీద ఆ బాధ్యత పెట్టడంలో ఉంది. అది సరిదిద్దితే బాగుపడేది కాదు. ఆపించేశాను. రైతుల మీటింగులో తప్పు నాదని చెప్పాను. కేన్ మేనేజర్‌కు విడిగా చెప్పాను.

మధ్యలో వచ్చిన వేసవి

సీజన్ అయ్యాక పాత రిజిస్టర్లు తిరగేశాం. ఈసారి వెతికింది ఆ 78 బండ్ల పుట్టుక. సమాధానం పండగలో దొరికింది. భోగి, సంక్రాంతి, కనుమలకు ముఠాలు ఊళ్లకు వెళ్లిపోతాయి. మిల్లు కూడా ఆ రోజుల్లో క్లీనింగ్‌కు ఆపుతారు. అయినా మళ్లీ మొదలుపెట్టే రోజుకు చెరకు లేకపోతే ఎలా అని పండగ ముందు వారం ఆర్డర్లు ఎక్కువ వదులుతారు. వచ్చిన చెరకు పేరుకుంటుంది. పండగ అయ్యాక మిల్లు రోజుకు 300 ఆడుతుంది, రోజుకు 300 వస్తాయి. పేరుకున్నది పేరుకున్నట్టే మార్చి దాకా ఉండిపోతుంది. చెరువులోకి వచ్చేదీ పోయేదీ సమానమైతే నీటిమట్టం దిగదు కదా.

మరి దాన్ని ఎవరూ ఎందుకు దించలేదు? రోజూ పొద్దున 9 గంటల మీటింగులో మిల్లు ఆగిన నిమిషాలు చదువుతారు. అందులో "నో కేన్" అని ఒక వరుస. ఆ వరుసలో అంకె పడితే కేన్ మేనేజర్ లేచి నిలబడి సమాధానం చెప్పాలి. బండి ఎన్ని గంటలు ఆగిందన్న వరుస ఆ షీటులో లేదు. ఆయన స్థానంలో ఎవరున్నా యార్డు నింపే ఉంచుతారు. అది మనిషి లోపం కాదు, షీటు లోపం.

ఇంకొకటి తేలింది, నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది ఇదే. బండ్లు సాయంత్రమే ఎందుకొస్తున్నాయి? నరకడం తెల్లారే మొదలవుతుంది కదా, 11 గంటలకు దగ్గర ఊళ్ల బండ్లు రావాలి. రావడం లేదు, ఎందుకంటే ఖాళీ ట్రక్కు పొలానికి చేరేది మధ్యాహ్నానికి. ముందు రోజు లోడుతో 15 గంటలు యార్డులో ఇరుక్కుంది కాబట్టి. నేను రెండు జబ్బులని రాసుకున్నవాటిలో ఒకటి ఇంకోదాన్ని పెంచుతోంది. నిల్వ తగ్గితే ట్రక్కులు ముందు విడుదలవుతాయి, ముందు లోడు అవుతాయి, రాకలు వాటంతట అవే పలచబడతాయి. షెడ్యూలు అక్కర్లేదు.

రెండో సీజన్: ఏం పనిచేసింది

ఎప్పుడు రావాలో చెప్పడం మానేసి, లోపల ఎంత ఉండాలో నిర్ణయించి దాన్నిబట్టి ఆర్డర్లు వదలడం. సిద్ధాంతం కొత్తదేం కాదు. టొయోటాలో తైచి ఓనో పెట్టిన కాన్‌బాన్ కార్డుల (వాడినంత మేరకే కొత్తది తెప్పించే చీటీల) వెనక ఉన్నది ఇదే. 1990లో స్పియర్‌మన్, వుడ్రఫ్, హాప్ మొత్తం లైనుకు ఒకే పరిమితి పెట్టే పద్ధతిని కాన్‌విప్ అనే పేరుతో ప్రతిపాదించారు. మాకు దగ్గరగా ఉన్నది అది. తేడా ఏమిటంటే, మొదటి సీజన్ పాఠం వల్ల "లోపల" అంటే యార్డు అని కాకుండా, నరికేసిన ప్రతి గడా లోపలే ఉన్నట్టు లెక్క వేశాం. తోటలో పడి ఉన్నా, గట్టు మీద ట్రక్కులో ఉన్నా సరే.

రోజూ మధ్యాహ్నం 3 గంటలకు ఫీల్డ్‌మ్యాన్లు ఫోను చేస్తారు: మీ ఊళ్లలో నరికి ఇంకా బయల్దేరని చెరకు ఎంత? దానికి యార్డు లెక్క కలిపితే మొత్తం వస్తుంది. మొత్తం పరిమితి దాటితే మర్నాటి ఆర్డర్లు కొన్ని ఆపాలి, తగ్గితే కొన్ని కలపాలి. ఇదంతా ఒక తెల్ల కాగితం మీద పట్టిన పట్టిక. కంప్యూటర్ లేదు.

ఎవరి ఆర్డర్లు ఆపాలన్న ప్రశ్నకు సమాధానం కేన్ మేనేజర్‌ది. నేను అందరికీ సమంగా తగ్గిద్దామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "దూరం ఊళ్లకు ముఠాలు బయటి నుంచి వస్తాయి సార్, వాళ్లకు రోజూ పని ఉండాలి, లేకపోతే వెళ్లిపోతారు. పది కిలోమీటర్ల లోపు ఊళ్లవాళ్లు స్థానికులు, ఒక పూట ముందు చెప్పినా వస్తారు, రేపు రావద్దన్నా వేరే పని చూసుకుంటారు" అన్నారు. అంటే దూరం ఊళ్లకు రోజూ ఒకే లెక్క, హెచ్చుతగ్గులన్నీ దగ్గర ఊళ్ల మీద. బదులుగా దగ్గర ఊళ్లకు ఒక హామీ: ఆపిన ఆర్డరు రెండు రోజుల్లోపు తప్పక వస్తుంది, వరుస పోదు. నా పుస్తకాల్లో లేని పరిష్కారం ఇది. ఈసారి నేను వాదించలేదు.

ఇక ఆ 78ని దించడం. కనుమ తర్వాత వారం రోజులు ఏమీ మార్చకుండా కొలిచాం, ఈసారి నరికిన పూట కూడా స్లిప్పు మీద రాయించి. ఫిబ్రవరి మొదటి వారంలో మొదలుపెట్టాం. ఎంత తగ్గించాలని అడిగితే గదిలో ఒకరు పాతిక శాతం అన్నారు, ఒకరు సగం అన్నారు. బోర్డు మీద లెక్క చేశాను. 78ని 20 దగ్గరికి తేవాలంటే తగ్గాల్సింది 58 బండ్లు. వారంలో తేవాలంటే రోజుకు ఎనిమిది. 300 బదులు 292. అంతే. ఏళ్ల తరబడి రోడ్డు మీద రాత్రులు గడపడానికి, మళ్లీ మామూలు కావడానికి మధ్య ఉన్నది వారం రోజులపాటు రోజుకు ఎనిమిది బండ్లు. కేన్ మేనేజర్ ఆ అంకె వైపు కాసేపు చూసి, "ఇంతేనా సార్" అన్నారు.

పొద్దుటి షీటులో "నో కేన్" వరుస కింద ఇంకో వరుస కలిపించాం: నిన్న ఆడిన చెరకు నరికి ఎన్ని గంటలైంది. దీనికోసం జనరల్ మేనేజర్‌ను ఒప్పించడానికి నాకు రెండు వారాలు పట్టింది.

ఐదో రాత్రి 3 గంటలకు ఫోను మోగింది. చీఫ్ ఇంజనీర్. చెరకు అందక మిల్లు ఆగింది. "మీ ప్రయోగం వల్ల బాయిలర్ ప్రెజర్ పోతోందండీ" అన్నారు. ఆయన టెన్షన్ న్యాయమైనదే. మిల్లు ఆగితే దానితోపాటు ఆవిరి, పాన్లలో మరుగుతున్న రసం అన్నీ దెబ్బతింటాయి. స్కూటర్ వేసుకుని వెళ్లాను. అక్కడికక్కడే ఆర్డర్లు పెంచేయమని అందరూ చెబుతున్నారు. ఒక్క ప్రశ్న అడిగి చూద్దామనిపించింది: యార్డులో ఇప్పుడు బండ్లు ఎన్ని? లెక్కపెడితే లోడు బండ్లు వందకు పైనే ఉన్నాయి. చెరకు లేక కాదు, క్రేన్ లైన్ల మొదట్లో ఒక లారీ యాక్సిల్ విరిగి అడ్డంగా నిలబడిపోయింది. ఎదురుగా బండ్లు, మధ్యలో లారీ. నలభై నిమిషాల తర్వాత దాన్ని లాగించారు. ఆ రాత్రి నిల్వ రెండింతలు ఉన్నా మిల్లు ఆగేది. షీటులో కారణం "నో కేన్" అని కాకుండా "దారి అడ్డం" అని రాయించాను. మర్నాడు ఒక లైనును పూర్తిగా ఖాళీగా వదిలి, అందులో ఏ బండీ నిలపకూడదని సున్నంతో గీత గీయించారు. ఆర్డర్లు పెంచలేదు.

ఫలితం, దాని హద్దులు

మూడు వారాలకు రాకలు మధ్యాహ్నం 3కి కాకుండా పొద్దున 11కే మొదలయ్యాయి. ఎవరికీ గంట చెప్పలేదు, ట్రక్కులు ముందు ఖాళీ అయ్యాయి కాబట్టి ముందు వచ్చాయి. యార్డు సగటు 190 నుంచి 108కి, అంటే 15 గంటల నుంచి 8 గంటల 40 నిమిషాలకు వచ్చింది. మొదటి సీజన్లో స్లాట్లతో వచ్చిన 70 కంటే ఇది ఎక్కువే. దాన్ని చూసి నిరాశపడ్డవాళ్లున్నారు. కానీ నరికిన దగ్గర నుంచి ఆడించేదాకా పట్టే టైము 34 గంటల నుంచి 25కు తగ్గింది. నాకు లెక్క అది. రాత్రి 9కి 195 దాకా వెళ్తున్నా యార్డులోనే సరిపోతున్నాయి, రోడ్డు మీద లైను లేదు.

ఎనిమిది గంటల కంటే బాగా తగ్గించడం ఈ పద్ధతిలో సాధ్యం కాదు. మనుషులు పగలే నరుకుతారు, మిల్లు రాత్రి కూడా ఆడుతుంది. రాత్రికి కావలసిన చెరకు ఎక్కడో ఒక చోట ఆగాల్సిందే. రాత్రి తోటలో దిగి నరకమని ముఠాలను అడగడం నేను ఒప్పుకోను. పాములుంటాయి, కత్తి తగులుతుంది.

రికవరీ పెరిగిందా అని మేనేజ్‌మెంట్ అడిగింది. ఆ ఏడాది అంకె కొంచెం మెరుగే. నా నివేదికలో మాత్రం దాన్ని ఈ మార్పు ఖాతాలో రాయలేదు. ఆ ఏడాది కార్శి తోటల వాటా వేరు, రకాలు వేరు, చలి వేరు. ఒక్క సీజన్‌తో వాటిని విడదీయలేం.

ఈ కేసు తర్వాత నా రీసెర్చ్ దారి మారింది. షెడ్యూలింగ్ మోడళ్లు ఇప్పటికీ పాఠంగా చెబుతాను, కానీ నా విద్యార్థులు పనిచేస్తున్నది గడియారం మొదలవకముందు జరిగే నిరీక్షణ మీద. ఆస్పత్రి ఓపీ కౌంటర్ 9కి తెరుస్తారు, రిజిస్టరులో మొదటి రోగి టైము 9 గంటలు. ఆవిడ ఊరి నుంచి మొదటి బస్సుకు వచ్చి 6 నుంచి మెట్ల మీద కూర్చుంది. ధాన్యం కొనుగోలు కేంద్రంలో టోకెన్ ఇచ్చిన రోజు నుంచి లెక్క, కళ్లంలో పట్టాల కింద కుప్ప పడి ఉన్న రోజులు లెక్కలో లేవు. ఏ చోటికి వెళ్లినా మా వాళ్లను మొదట అడగమనేది ఒకటే: నీ రిజిస్టరులో మొదటి గంట పడేసరికి మనిషి ఎంతసేపటి నుంచి అక్కడున్నాడు?

ఒక్కటి మాత్రం ఇంకా సాధించలేకపోయాను. ఈ మిల్లులో కాటా యార్డుకు అవతల, క్రేన్ పక్కన ఉంది. అంటే ఆ ఎనిమిది గంటల్లో ఆవిరయ్యే బరువు ఇప్పటికీ రైతు ఖాతాలోనే పోతోంది. కాటాను బయటి గేటు దగ్గరికి మార్చితే ఆ నష్టం మిల్లు మీద పడుతుంది, లైను తగ్గించాలన్న పట్టుదల మిల్లుకే వస్తుంది. తూకం అయ్యాక యార్డులో గడలు లాగేస్తే ఎవరు బాధ్యులని మేనేజ్‌మెంట్ అడిగింది. అది నిజమైన ప్రశ్నే. బండికి రెండుసార్లు తూకం వేసి తేడాను సగం సగం పంచుకోవచ్చని రాసిచ్చాను. ఆ కాగితం జనరల్ మేనేజర్ టేబుల్ మీద ఉంది. డిసెంబరులో క్రషింగ్ మొదలయ్యేలోపు ఆ పెద్దాయనను కూడా వెంటబెట్టుకుని వెళ్లి మళ్లీ అడుగుతాను.